శ్రీలంకలో చేసిన సర్వీసు నాన్నగారి డిశ్చార్జి బుక్కులో లేదు. సరిచేయించుకోవడం ఎలా?

నల్లమల_అమ్మాయి (ప్రశ్న)

పెద్దలకు నమస్కారం. మా నాన్నగారు 1981లో సైన్యంలో చేరి, 17 ఏళ్ళు పనిచేసి, 1998లో నాయక్ హోదాలో పెన్షన్‌తో ఇంటికి వచ్చారు. ఆ సర్వీసులో 1988 ఫిబ్రవరి నుంచి 1989 మే వరకు ఆయన శ్రీలంకలో భారత శాంతి పరిరక్షక దళంతో ఉన్నారు. అయితే సొంత యూనిట్‌తో కలిసి వెళ్ళలేదు. యూనిట్ మన దేశంలోనే ఉండగా, నాన్నగారిని, మరో ఆరుగురిని ట్రింకోమలీలో ఉన్న వేరొక యూనిట్‌కు అటాచ్‌మెంటు మీద, అంటే తాత్కాలికంగా, పంపించారు.

డిశ్చార్జి బుక్కులో ఆ పదిహేను నెలల ప్రస్తావన ఎక్కడా లేదు. విదేశీ సర్వీసు రాయవలసిన చోటు ఖాళీగా ఉంది. మెడల్స్ దగ్గర తొమ్మిదేళ్ళ దీర్ఘకాల సేవా మెడల్, స్వాతంత్ర్య స్వర్ణోత్సవ మెడల్ మాత్రమే ఉన్నాయి. శ్రీలంకకు సంబంధించిన మెడల్ ఆయన చేతికి అందలేదు. రిటైరైన కొన్నేళ్ళకు ఒకసారి, గత ఏడాది మళ్ళీ ఒకసారి, సైనికుల సర్వీసు పత్రాలు ఉండే రికార్డు ఆఫీసుకు రాశాము. రెండుసార్లూ "మా వద్ద ఉన్న పత్రాల ప్రకారం అర్హత లేదు" అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. అది ఏ ఆఫీసో ఇక్కడ రాయదలచుకోలేదు.

మా దగ్గర ఉన్నవి ఇవి. అమ్మకు ఆయన అక్కడి నుంచి రాసిన మూడు ఉత్తరాలు ఉన్నాయి, వాటి మీద ఫీల్డ్ పోస్టాఫీసు (సైనిక తపాలా) ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. వెనుక తేదీ రాసి ఉన్న ఒక ఫోటో ఉంది. ఆ ఆరుగురిలో ఒకరు అనంతపురం జిల్లాలో ఉన్నట్టు తెలిసింది. నాన్నగారికి ఏడాదిగా చేయి వణుకుతోంది, సంతకం సరిగా కుదరడం లేదు. ఆయన డబ్బు అడగడం లేదు. తాను వెళ్ళిన మాట ప్రభుత్వ కాగితం మీద ఉండాలని మాత్రమే కోరుకుంటున్నారు. మూడోసారి రాసేటప్పుడు ఏం అడగాలో, ఎలా అడగాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

రిటైర్డ్_హవల్దార్_క్లర్క్

అమ్మా, నేను ఇరవై ఏళ్ళకు పైగా యూనిట్ ఆఫీసుల్లో ఈ కాగితాలే రాశాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. "మా వద్ద ఉన్న పత్రాల ప్రకారం" అన్న మాటను జాగ్రత్తగా చదవండి. మీ నాన్నగారు శ్రీలంకకు వెళ్ళలేదని ఆ జవాబు చెప్పడం లేదు. ఆయన వెళ్ళినట్టు పార్టు టూ ఆర్డరు తమ ఫైలులో కనిపించలేదని మాత్రమే చెబుతోంది. సైనికుడి జీవితంలో ఏ మార్పు వచ్చినా, అంటే పెళ్ళైనా, పిల్లలు పుట్టినా, ప్రమోషన్ వచ్చినా, ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్ళినా, యూనిట్ దానిని పార్టు టూ ఆర్డరుగా వెలువరిస్తుంది. దాని ఆధారంగా రికార్డు ఆఫీసులో షీట్ రోలు, అంటే సైనికుడి సర్వీసు వివరాల పత్రం, నింపుతారు. ఆ ఆర్డరు లేకపోతే, కాగితం లెక్కలో ఆ మనిషి కదలలేదనే అర్థం.

అటాచ్‌మెంటు మీద వెళ్ళినవారికి ఇక్కడే నష్టం జరుగుతుంది. మనిషి ఒక చోట, ఆయన పత్రాలు మరొక చోట ఉంటాయి. మెడల్ కోసం పేర్ల జాబితా పంపేది ఆపరేషన్‌లో ఉన్న యూనిట్. వాళ్ళు తమ సొంత మనుషుల పేర్లు పంపి, అటాచ్‌మెంటు వారి పేర్లు వాళ్ళ మాతృ యూనిట్ పంపుతుందిలే అనుకుంటారు. మాతృ యూనిట్ కూడా అవతలివాళ్ళు పంపుతారనే అనుకుంటుంది. ఇలా రెండింటి మధ్య పడిపోయిన పేర్లను నా సర్వీసులో చాలా చూశాను.

కాబట్టి ఈసారి ఉత్తరంలో "మెడల్ ఇప్పించండి" అని మొదలుపెట్టకండి. ఆ మాట చూడగానే మెడల్ సెక్షన్‌లో ఉన్న పాత జవాబునే మళ్ళీ పంపుతారు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా యూనిట్‌లో అటాచ్‌మెంటు మీద శ్రీలంకలో పనిచేసిన సంగతి పార్టు టూ ఆర్డరుగా వెలువడలేదని, సరిచూసి ఇప్పుడు వెలువరించాలని, షీట్ రోలులోను డిశ్చార్జి బుక్కులోను నమోదు చేయాలని మొదట అడగండి. ఆ నమోదు జరిగితే మెడల్‌కు అర్హత దాని వెనుకే వస్తుంది. ఆయనకు రావలసినది స్పెషల్ సర్వీస్ మెడల్. 1986లో ఏర్పాటైన ఈ మెడల్‌ను శ్రీలంకలో పనిచేసినవారికి "శ్రీలంక" అని రాసిన క్లాస్పుతో (రిబ్బను మీద ఉండే లోహపు పట్టీతో) ఇస్తారు. పేరు సరిగా రాయడం ముఖ్యం, ఎందుకంటే చాలామంది దీనిని వేరే మెడల్స్‌తో కలిపి రాసి తిరస్కరణ తెచ్చుకుంటారు.

అన్నిటికంటే విలువైన ఆధారం అనంతపురం జిల్లాలో ఉన్న ఆ సహచరుడు. ఏడుగురూ ఒకే మూవ్‌మెంటు ఆర్డరు మీద కదిలి ఉంటే, ఆయన బుక్కులో శ్రీలంక నమోదు ఉన్నట్టయితే, దాని పక్కనే పార్టు టూ ఆర్డరు నంబరు, తేదీ ఉంటాయి. ఆ నంబరు మీ ఉత్తరంలో రాస్తే, రికార్డు ఆఫీసువాళ్ళు వెతకవలసినది పదిహేను నెలల కాగితాలు కాదు, ఒక్క కాగితం. ఆయనకు మెడల్ వచ్చి ఉంటే అంచు మీద ఆర్మీ నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి. దానినీ ఫోటో తీసి జత చేయండి.

ఒరిజినల్ డిశ్చార్జి బుక్కును వాళ్ళు రాతపూర్వకంగా అడిగేవరకు పంపవద్దు. ధ్రువీకరించిన నకళ్ళు చాలు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ముఖంగా పంపితే, పంపినట్టు వాళ్ళ దగ్గర కూడా ఒక ఆధారం మిగులుతుంది.

పాత_సుబేదార్

అమ్మాయీ, నేను సికింద్రాబాద్‌లో ఉండే 54వ పదాతి డివిజన్‌తో 1987లోనే జాఫ్నాకు వెళ్ళినవాడిని. జులై 29న భారత్-శ్రీలంక ఒప్పందం మీద సంతకాలు జరిగిన వెంటనే మమ్మల్ని దించారు. శాంతి కాపాడడానికి అని వెళ్ళినవాళ్ళం అక్టోబరుకల్లా యుద్ధంలో ఉన్నాము. 1990 మార్చి 24న ట్రింకోమలీ నుంచి ఆఖరి దళం బయలుదేరేవరకు ఎందరో అటాచ్‌మెంటు మీద వచ్చి వెళ్ళారు. సిగ్నల్స్ వాళ్ళు, మెకానిక్కులు, వైద్య సహాయకులు, వంటవాళ్ళు వచ్చేవారు. మాతో పాటు అదే తిండి తిని, అదే మందుపాతరల దారిలో నడిచినవాళ్ళ పేర్లు కాగితం మీద లేకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. వెయ్యిమందికి పైగా మనవాళ్ళు ఆ నేల మీద ప్రాణాలు వదిలారు.

ఇక పనికొచ్చే మాట చెబుతాను. సహచరుడి చేత ప్రమాణ పత్రం రాయించేటప్పుడు "ఈయన చాలా ధైర్యంగా పనిచేశారు" వంటి వాక్యాలు వద్దు, వాటికి విలువ లేదు. ఎక్కడ ఓడ ఎక్కారు లేక విమానం ఎక్కారు, ఎక్కడ దిగారు, ఏ బ్రిగేడ్ కింద ఉన్నారు, కంపెనీ కమాండర్ ఎవరు, సెలవు మీద ఎప్పుడు వచ్చారు అన్నవి ఉండాలి. ఆపరేషన్‌లో ఉన్న ప్రతి యూనిట్ వార్ డైరీ, అంటే రోజువారీ సంఘటనల నమోదు, రాస్తుంది. ఇలాంటి వివరాలు దానితో పోల్చి చూడదగ్గవి. అప్పటి అధికారుల్లో ఎవరైనా దొరికి ఒక పేజీ రాసి ఇస్తే ఇంకా బలం. రెజిమెంటు పునస్సమ్మేళనాల వాట్సాప్ గుంపుల్లో విచారించండి.

మీ నాన్నగారిని కూర్చోబెట్టి ఈ వివరాలన్నీ ఈ వారమే రాసి పెట్టుకోండి. ఒకేసారి అడగకండి. రోజుకు కాసేపు, ఆ ఉత్తరాలను, ఫోటోను ముందు పెట్టి అడిగితే పేర్లు వాటంతట అవే వస్తాయి.

న్యాయవాది_హైదరాబాద్

పై ఇద్దరు పెద్దలు చెప్పినది సరైన దారి. నేను చట్టం వైపు నుంచి కొన్ని సంగతులు చేర్చుతాను.

ఉత్తరంతో పాటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు కూడా పెట్టండి. ఒకదాని కోసం మరొకటి ఆగనవసరం లేదు. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు, జవాబు రాకపోయినా తృప్తికరంగా లేకపోయినా మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయవచ్చు. దరఖాస్తు మాత్రం మీ పేరు మీద కాకుండా నాన్నగారి పేరు మీదే ఉండాలి. మీరు అడిగితే మూడో వ్యక్తి వ్యక్తిగత సమాచారమని సెక్షన్ 8(1)(జె) చూపి నిరాకరించగలరు. తన కాగితాలు తానే అడిగినప్పుడు ఆ అడ్డు ఉండదు. సంతకం కుదరకపోతే వేలిముద్ర వేయించి, గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేయండి.

అడిగే తీరు కూడా ముఖ్యమే. ఫలానా యూనిట్ శ్రీలంకలో ఎక్కడ ఉండేది, ఎంతమంది ఉండేవారు అని అడిగితే దేశ భద్రత పేరుతో తోసిపుచ్చవచ్చు. "నా షీట్ రోలు నకలు, 1988 జనవరి నుంచి 1989 జూన్ వరకు నా ఆర్మీ నంబరు మీద వెలువడిన పార్టు టూ ఆర్డర్ల నకళ్ళు ఇవ్వండి" అని అడగండి. పెన్షన్ లేకుండా బయటికి వచ్చినవారి పత్రాలను 25 ఏళ్ళ తర్వాత తొలగించే నిబంధన ఉంది. మీ నాన్నగారు పెన్షనరు కాబట్టి ఆ పేరు చెప్పి పత్రాలు లేవంటే వెంటనే ప్రశ్నించండి.

ఇవేవీ ఫలించకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. 2007 చట్టం ప్రకారం ముందుగా శాఖలోనే విన్నవించుకొని ఉండాలి. తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు వెళ్ళాలి. ఆరు నెలలు ఎదురుచూసినా జవాబు రాకపోతే, అక్కడి నుంచి మరో ఆరు నెలల గడువు ఉంటుంది. ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది, కానీ కారణం చూపాలి. మీరు పాత జవాబును ఏళ్ళ తరబడి అలాగే వదిలేశారు కాబట్టి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. పెన్షన్ విషయాల్లో నెలనెలా నష్టం కొనసాగుతుంది గనుక సుప్రీంకోర్టు 2008లో తర్సేమ్ సింగ్ కేసులో కొంత వెసులుబాటు ఇచ్చింది. అందులో కూడా బకాయిలను మామూలుగా మూడేళ్ళకే పరిమితం చేసింది. మెడల్ నమోదు ఒక్కసారి జరగవలసిన పని గనుక ఆ వెసులుబాటు మీద ఆశ పెట్టుకోకండి. కొత్త ఆధారంతో, కొత్త కోరికతో రాసి, దానికి కారణాలతో కూడిన జవాబు రాబట్టడమే మీకు బలం.

ఒక ప్రశ్న. అక్కడ ఆయనకు ఏదైనా గాయమైందా? అయి ఉంటే అది వైద్య బోర్డు పత్రాలతో నడిచే వేరే వ్యవహారం. ఈ ఉత్తరంలో దానిని కలపవద్దు. కలిపితే ఫైలు పెన్షన్ విభాగానికి వెళ్ళి, నమోదు సంగతి మరుగున పడుతుంది.

నల్లమల_అమ్మాయి

ముగ్గురికీ మా కుటుంబం తరఫున నమస్కారాలు. గాయం కాలేదండీ, మలేరియా మాత్రం వచ్చింది. ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. మద్రాసులో ఓడ ఎక్కిన సంగతి, కంపెనీ కమాండర్ గారి పేరు ఆయనే చెప్పారు. ఇన్నేళ్ళలో ఆ పేరు మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

అనంతపురం జిల్లా బాబాయిగారితో ఫోనులో మాట్లాడాము. ఆయన బుక్కులో శ్రీలంక నమోదు ఉందట. ఆ పేజీ ఫోటో తీసి పంపారు, పార్టు టూ ఆర్డరు నంబరు చదవడానికి వీలుగానే ఉంది. అయితే అందులో మొదటి తేదీ 1988 మార్చి అని ఉంది. నాన్నగారు ఫిబ్రవరి అంటున్నారు, అమ్మకు వచ్చిన మొదటి ఉత్తరం మీద కూడా ఫిబ్రవరి తేదీయే ఉంది. ఉత్తరంలో ఏది రాయాలి?

రిటైర్డ్_హవల్దార్_క్లర్క్

సగం పని అయినట్టే అమ్మా. ఓడ దిగిన తేదీ వేరు, కొత్త యూనిట్ తన సిబ్బంది లెక్కలో చేర్చుకున్నట్టు రాసుకున్న తేదీ వేరు, రెండింటికీ రెండు మూడు వారాల తేడా రావడం మామూలే. కాగితం మీద ఉన్న మార్చి తేదీనే ప్రధానంగా రాయండి, ఎందుకంటే వాళ్ళు తమ ఆర్డరుతో పోల్చుకొనేది దానినే. దాని కింద, ఫిబ్రవరిలోనే చేరుకున్నట్టు ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర ఉన్న ఉత్తరం జతపరిచామని ఒక వాక్యం చేర్చండి. ఆ కవరు రెండు వైపులా నకలు తీయండి. ముద్రలోని సంఖ్య, తేదీ పూర్తిగా కనిపించాలి. ఉత్తరం లోపలి భాగం మీ అమ్మగారిది, దానిని పంపనవసరం లేదు.