ఫ్రాన్స్ పల్లెల్లో కాంటన్ అంటే మన మండలమేనా?

కొండూరి కోడలు: మావారి ఉద్యోగం వల్ల ఫ్రాన్స్‌లో ఆరొందల మంది ఉండే ఊరికి వచ్చి ఏడాదైంది. చలికాలం మంచుకి ఇంటి ముందు రోడ్డంతా గుంటలు పడింది, పాపని స్కూలుకి తీసుకెళ్ళాలంటే రోజూ టెన్షన్. మేయర్ ఆఫీసులో అడిగితే ఆ రోడ్డు మాది కాదు, డిపార్ట్‌మెంట్‌ది అన్నారు. పక్కింటి మామ్మగారేమో మన కాంటన్‌కి ఇద్దరు సభ్యులున్నారుగా, వాళ్ళకి చెప్పమంటున్నారు. ఈ కాంటన్ ఆఫీసు ఎక్కడుంటుంది? ఒక్క నియోజకవర్గానికి ఇద్దరేంటి?

రోన్ ఒడ్డు: కాంటన్‌కి ఆఫీసు లేదండీ, వెతక్కండి. డిపార్ట్‌మెంట్ అంటే మన జిల్లా, దాని కౌన్సిల్ జిల్లా పరిషత్తు లాంటిది అనుకోండి. జడ్పీటీసీ సభ్యుడు మండలం నుంచి వెళ్ళినట్టే దానికి కాంటన్ నుంచి వెళ్తారు, కాకపోతే మండలానికి ఎమ్మార్వో ఉన్నట్టు కాంటన్‌కి ఎవరూ ఉండరు. 2015 నుంచి ఒక ఆడ, ఒక మగ జంటగానే పోటీ చెయ్యాలి, ఓటు కూడా జంటకే, ఆరేళ్ళ పదవి, గెలిచాక మాత్రం సభలో ఎవరి ఓటు వాళ్ళదే. రోడ్డు పక్కన పసుపు పలక మీద 'డి' అని, పక్కన నంబర్ ఉందేమో చూడండి, ఉంటే తారు వెయ్యాల్సింది వాళ్ళే. ఇక్కడ కాలేజ్ అని పిలిచే మిడిల్ స్కూళ్ళు, ముసలివాళ్ళకి ఇంట్లో సాయం చేసేవాళ్ళ ఖర్చుకిచ్చే భత్యం కూడా వాళ్ళ చేతిలోవే.

సెవెన్ గాలి: ఆ 2015 మార్పు పల్లెలకి దెబ్బే అంటాను. దేశంలో నాలుగు వేల పైచిలుకు కాంటన్లని దాదాపు సగం చేశారు. దేశంలోకెల్లా తక్కువ జనం ఉన్న లోజేర్ డిపార్ట్‌మెంట్‌లో 25 కాస్తా 13 అయ్యాయి. జనాభా లెక్క సమానంగా ఉండాలన్నారు సరే, కొండల్లో దూరాలు ఎవరు లెక్కపెడతారు? పేరుకి ఇద్దరున్నా తిరగాల్సిన ఊళ్ళు రెట్టింపయ్యాయి.

యానాం మనవరాలు: దూరాల మాట నిజమే అన్నా, కానీ అంతకుముందు ఆ కౌన్సిళ్ళలో ఏడుగురిలో ఒక్కరే ఆడమనిషి, ఇప్పుడు సగం. అది చిన్న విషయం కాదు. అక్కా, మనకి అక్కడి పౌరసత్వం లేకపోతే ఓటుండదు గానీ ఉత్తరం రాయడానికి ఓటక్కర్లేదు. ఇద్దరికీ విడివిడిగా రాయండి, గుంటల ఫోటో, పలక మీద నంబర్ పెట్టండి.

కొండూరి కోడలు: ఇప్పుడే వెళ్ళి చూశా, పసుపు పలకే, 'డి' ఉంది! మామ్మగారు ఇద్దరి పేర్లూ నోటికి చెప్పేశారు. ఉత్తరం రాయడానికి సాయంత్రం వాళ్ళింట్లోనే కూర్చుంటున్నాం.