కయాక్ కిట్: కుట్లు వేశాక పడవ మెలి తిరిగింది, ఎపాక్సీ పెట్టేయొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) కట్టుకుంటున్నా. కిట్‌లో వచ్చిన 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలన్నీ రాగి తీగతో కుట్టేశాను, చూడ్డానికి అచ్చం పడవలాగే ఉంది కానీ వెనక నుంచి ఒక కన్ను మూసి చూస్తే ముందు కొస కాస్త ఎడమకి ఒరిగినట్టుంది. రేపు లోపల అతుకుల వెంట ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) ముద్ద పెడదామనుకుంటున్నా. డెక్ (పడవ పైన మూసే పలక) బిగిస్తే అదే సర్దుకుంటుందా? ఇంకోటి, మిగిలిన ముక్క మీద ఎపాక్సీ పూసి చూస్తే నిండా బుడగలే వచ్చాయి.

జవాబు:
ఆగు తమ్ముడూ, రేపు ముద్ద పెట్టకు. డెక్ వేస్తే సర్దుకోదు, ఉన్న మెలి అలాగే బిగుసుకుపోతుంది. నా మొదటి పడవకి కొంచెమే కదా అని వదిలేశా, అది ఇప్పటికీ నీళ్ళలో ఒక పక్కకే లాగుతుంది. రెండు తిన్నటి కర్రలు తీసుకుని ముందొకటి వెనకొకటి పడవ అంచుల మీద అడ్డంగా పెట్టి దూరం నుంచి చూడు, రెండూ ఒకే గీతలో కనపడాలి. కనపడకపోతే ముందు స్టాండ్లు సమంగా ఉన్నాయా చూసుకో, తర్వాత మెలి ఉన్న చోట కుట్లు వదులు చేసి, లేచిన మూల మీద ఏదైనా బరువు పెట్టి, మళ్ళీ కొద్దికొద్దిగా బిగించు. మరీ బిగిస్తే తీగ చెక్కని కోసేస్తుంది. సరైందనుకున్నాక కుట్టుకీ కుట్టుకీ మధ్య చిన్న చిన్న ఎపాక్సీ చుక్కలే పెట్టు, అవి గట్టిపడేలోపు కర్రలతో ఇంకోసారి చూడు. ఆరాక తీగలు లాగేసి అప్పుడు ముద్ద పెట్టు. తీగ రాకపోతే వేడి సోల్డరింగ్ ఐరన్ దానికి ఆనిస్తే ఊడొస్తుంది.

ఇంకో జవాబు:
బుడగల సంగతి నేను చెప్తా. పొద్దున ఎండెక్కే టైంలో పూశారా? చెక్క వేడెక్కేకొద్దీ లోపలి గాలి బయటికొస్తుంది, అవే బుడగలు. సాయంత్రం చల్లబడుతున్నప్పుడు పల్చగా పూయండి, అప్పుడు చెక్కే ఎపాక్సీని లోపలికి పీల్చుకుంటుంది. కలిపింది లోతైన కప్పులో ఉంచకుండా వెడల్పాటి ట్రేలో పోసేయండి, లేకపోతే దాని వేడికి అదే పొగలొచ్చి గట్టిపడిపోతుంది. పూత ఆరాక చేతికి జిడ్డుగా తగిలితే నీళ్ళతో కడిగాకే ఉప్పు కాగితం పట్టండి. గ్లౌజులు మాత్రం మరవొద్దు, ఒకసారి దానికి ఎలర్జీ వచ్చిందంటే ఇక జన్మలో ఎపాక్సీ ముట్టుకోలేరు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా. త్వరగా గట్టిపడాలంటే హార్డెనర్ (ఎపాక్సీని గట్టిపరిచే రెండో ద్రవం) కాస్త ఎక్కువ పోయొచ్చా?

ఇంకో జవాబు:
వద్దండీ, అస్సలు వద్దు. డబ్బా మీద ఎంత రాశారో అంతే. ఎక్కువైనా తక్కువైనా పూర్తిగా గట్టిపడదు, మెత్తగా జిగటగా ఉండిపోతుంది, మొత్తం గీకి తీసేయాల్సొస్తుంది. త్వరగా కావాలంటే ఆ కంపెనీదే ఫాస్ట్ హార్డెనర్ కొనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు:
కర్రలు పెట్టి చూశా. ముందు కొస దగ్గర ఎడమవైపు మూడు కుట్లు కుడివాటి కంటే బాగా బిగుసుకున్నాయి, వాటిని వదులు చేయగానే కర్రలు రెండూ ఒకే గీతలోకి వచ్చేశాయి. చీకటి పడ్డాక చుక్కలు పెడతా.