గార్డు లేని టేబుల్ సా వాడొచ్చా? పాత మిషన్ కొన్నాను, సలహా కావాలి

కొత్తపన్ను:
అందరికీ నమస్కారం. వారం కింద ఒకాయన వాడిన టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం బ్లేడు పైకి లేచి తిరిగే మిషన్) కొన్నాను. 10 అంగుళాల బ్లేడు. మోటారు బాగానే తిరుగుతోంది, బల్ల మీద తుప్పు లేదు. కానీ బ్లేడు పైన ఉండాల్సిన గార్డు లేదు, వెనక ఉండాల్సిన రైవింగ్ నైఫ్ (కోసిన గాడిలో నిలబడి అది మూసుకోకుండా చూసే రేకు) కూడా లేదు. అడిగితే "అవి మొదటి రోజే పీకేశాం, పనికి అడ్డం" అన్నాడు. ఇంట్లోకి అరలు, ఒక మంచం చేసుకుందామని ఆశ. ఇలాగే మొదలుపెట్టొచ్చా, అవి దొరికేదాకా ఆగాలా?

పాతమేస్త్రి:
ఆగాల్సిన పనేం లేదు. 31 ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, గార్డు పెట్టి కోసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. (వేళ్ళెన్ని ఉన్నాయని అడగబోయేవాళ్ళకి: తొమ్మిదిన్నర. ఆ సగం కథ వేరు.) గార్డు ఉంటే కోత గీత కనపడదు. కనపడని చోట చెయ్యి పెట్టడమే అసలు ప్రమాదం. ఫెన్స్ (చెక్కని ఆనించి తోసే పక్క పట్టీ) బ్లేడుకి సమాంతరంగా ఉందో లేదో చూసుకో, బ్లేడుకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడు, సన్న ముక్కల్ని చేత్తో కాకుండా కర్రతో తొయ్యి. చాలు.

ఆర్మేచర్:
మేస్త్రి గారూ, ఆయన రెండు వస్తువుల గురించి అడిగితే మీరు ఒకదానికే జవాబు చెప్పారు. గార్డు మీ వేలు బ్లేడు మీదకి పోకుండా చూస్తుంది. నైఫ్ చెక్క మీ మీదకి రాకుండా చూస్తుంది. బ్లేడు ముందు పళ్ళు చెక్కని బల్లకేసి నొక్కుతాయి, వెనక పళ్ళు కింది నుంచి పైకి లేస్తాయి. చెక్కలో బిగువు ఉంటే కోసిన గాడి వెనకాల మూసుకుపోయి ఆ పళ్ళని పట్టేస్తుంది. అంతే, ముక్క లేచి పొట్టలో తగులుతుంది. లెక్క మీరే వేసుకోండి. 254 మి.మీ. బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే పన్ను కొస వేగం సెకనుకి 53 మీటర్లు, అంటే గంటకి 190 కిలోమీటర్లు. ఆ వేగంతో వచ్చే చెక్కకి మీ 31 ఏళ్ళ అనుభవం తెలీదు.

పవర్ టూల్స్ రిపేరు నా పని. కొత్తపన్ను గారూ, గార్డు లేటయినా పరవాలేదు, నైఫ్ లేకుండా నిలువు కోత (చెక్క నార వెంట కోసేది) మొదలుపెట్టకండి.

చెక్కముక్క:
మంచి మందం గ్లోవ్స్ వేసుకుంటే ఇవన్నీ అక్కర్లేదు కదా?

లత_వర్క్‌షాప్:
గ్లోవ్స్ అస్సలు వద్దు. గుడ్డ అంచు ఒక్క పన్నుకి చిక్కితే చాలు, చేతిని మొత్తం లోపలికి లాక్కుంటుంది. ఉత్త చెయ్యి అయితే గాయంతో బయటపడొచ్చు. బ్లేడు మార్చేటప్పుడు వేసుకోండి, అదీ ప్లగ్గు పీకాకే. స్విచ్ ఆపి "ఆగిపోయింది కదా" అనుకునే వాళ్ళని శిక్షణలో చాలామందిని చూశాను.

పాతమేస్త్రి:
ఆర్మేచర్, చెక్క లేవడానికి కారణం నైఫ్ లేకపోవడం కాదు, బ్లేడు ఎత్తు తెలీకపోవడం. బ్లేడు బాగా లేపితే పళ్ళు పైనుంచి కిందికి దిగి ముక్కని బల్లకి అదిమి పెడతాయి. మీ పుస్తకాల్లో రాసినట్టు కొంచెమే లేపితే పళ్ళు ముక్కని అడ్డంగా నీ వైపుకే తోస్తాయి. నేను చెక్క మీద రెండంగుళాలు కనపడేలా లేపుతాను.

ఆర్మేచర్:
రెండంగుళాలా! చెక్క పైన పన్ను 3 నుంచి 6 మి.మీ. కనపడితే చాలు. గార్డూ లేదు, పైగా రెండంగుళాల బ్లేడు గాల్లో తిరుగుతోంది. చెయ్యి జారితే 3 మి.మీ. బ్లేడు కుట్లతో వదులుతుంది. మీ రెండంగుళాలు వదలదు.

పాతమేస్త్రి:
చెయ్యి జారేవాడు ఈ పనికి రాకూడదు.

ఆర్మేచర్:
చెయ్యి జారనివాడు ఇంకా పుట్టలేదు. తొమ్మిదిన్నర అని మీరే రాశారు.

పాతమేస్త్రి:
దాని సంగతి నీకు తెలీదు. ఎత్తు గురించి అడిగినదానికి జవాబు చెప్పు. పన్ను కిందికి దిగితే చెక్క కిందికి పోతుందా, పైకి పోతుందా?

పొట్టు:
ఆయన అడిగింది గార్డు గురించి. ఇక్కడ స్కేలు పట్టుకుని కొట్టుకుంటున్నారు 😀

లత_వర్క్‌షాప్:
ఇద్దరూ సగం సగం చెప్తున్నారు. బ్లేడు లేపితే ముందు పళ్ళు నిలువుగా దిగడం నిజమే, చెక్క వెనక్కి తోసుకురావడం కొంత తగ్గుతుంది. కానీ వెనక పళ్ళు కూడా అంతే నిలువుగా పైకి లేస్తాయి. ముక్క కొంచెం అటు ఒరిగితే దాన్ని ఎత్తి పడేస్తాయి. నైఫ్ ఉన్నది ఆ వెనక పళ్ళకి చెక్క తగలకుండా చూడటానికే, ఎత్తు ఎంతైనా సరే.

ఇద్దరూ వదిలేసిన సంగతి ఇంకోటుంది. మొద్దుబారిన బ్లేడు. జిగురు పట్టి నల్లబడిన పళ్ళు కోయవు, రుద్దుతాయి. చెక్క కాలిన వాసన వస్తుంది, మనం ఇంకా గట్టిగా తోస్తాం, అప్పుడే చెయ్యి అదుపు తప్పుతుంది. బ్లేడు విప్పి జిగురు కరిగే ద్రావణంలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో కడిగితే చాలాసార్లు కొత్తదానిలా కోస్తుంది. నిలువు కోతకి 24 పళ్ళది, అడ్డకోతకి 60 లేదా 80 పళ్ళది. ఒకే బ్లేడుతో అన్నీ లాగించకండి. మాస్క్ కూడా మర్చిపోవద్దు. చెక్క ధూళి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది.

రాత్రిషిఫ్ట్:
ఇంత గొడవెందుకు, వేలు తగలగానే ఆగిపోయే సాస్టాప్ కొనుక్కోమనండి. స్టీఫెన్ గాస్ అనే ఆయన కనిపెట్టాడు. వేలు తగిలిన 5 మిల్లీసెకన్లలో అల్యూమినియం దిమ్మ బ్లేడులోకి దూసుకెళ్ళి ఆపేస్తుంది.

ఆర్మేచర్:
అది బాగా పనిచేస్తుంది, కాదనను. ఒకసారి పడితే ఆ బ్రేకూ బ్లేడూ రెండూ కొత్తవి వేయాలి, బాగా తడిసిన చెక్క కోసినా పడొచ్చు. చెక్క ఎగిరి వస్తే మాత్రం అది ఏమీ చేయదు. మళ్ళీ నైఫ్ దగ్గరికే వచ్చాం చూడండి.

సైటుపని:
మేం చేతి సర్క్యులర్ సా కింద గార్డుని చిన్న చెక్క చీలిక పెట్టి తెరిచే ఉంచుతాం. మూసుకుంటే వాలు కోతలో తట్టుకుంటుంది. అందరూ చేసేదే. ఏం కాలేదు.

ఆర్మేచర్:
"ఏం కాలేదు" అన్న మాట ఇంకోసారి ఈ పేజీలో చదివితే పిచ్చెక్కేలా ఉంది.

సరే, చెప్తాను. ఒకాయన చేతి రంపం తెచ్చాడు, లోపల నిప్పులు వస్తున్నాయని. కార్బన్ బ్రష్‌లు గీత దాకా అరిగిపోయి ఉన్నాయి. జత మార్చాను, ఆ బ్రష్‌లు ఆనుకుని తిరిగే కమ్యుటేటర్ తుడిచాను. కింద గార్డు వేలితో తోస్తే తెరుచుకుంటోంది, వదిలితే సగంలోనే ఆగిపోతోంది. స్ప్రింగు నిండా పొట్టు, జిగురు. "ఇది కూడా బాగుచేయాలి" అన్నాను. "టైం లేదు, బ్రష్‌లు చాలు" అన్నాడు. ఇచ్చేశాను. మూడో రోజు ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు కోత అయ్యాక స్విచ్ వదిలి రంపాన్ని పక్కకి దించాడు. స్విచ్ వదిలాక బ్లేడు కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. గార్డు మూసుకోలేదు. మోకాలి పైన ఎముక దాకా దిగింది.

నా బిల్లులో "బ్రష్‌లు, ఒక జత" అని మాత్రమే ఉంది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు గార్డు పనిచేయని మిషన్ ఏదీ నా షాపు దాటి పోదు, గొడవపడి వెళ్ళిపోయిన వాళ్ళున్నారు. పోనీ.

సైటుపని:
అన్నా, చీలిక తీసేస్తాలే.

పాతమేస్త్రి:
ఇప్పుడు నా సగం వేలు సంగతి వినండి. ఆ రోజు గార్డు ఉంది.

అప్పుడు ఒక వర్క్‌షాపులో జీతానికి పనిచేసేవాణ్ణి. సన్న ముక్క ఒకటి గార్డుకీ బ్లేడుకీ మధ్య ఇరుక్కుంది. స్విచ్ ఆపాను, బ్లేడు పూర్తిగా ఆగకముందే చెయ్యి పెట్టాను. తప్పు నాదే, ఒప్పుకుంటా. ఓనరు కూడా అదే అన్నాడు, "గార్డు పెట్టించాను కదా, ఇంకేం చేయమంటావు" అని. సరే అనుకున్నాను.

తర్వాత ఆయనే అన్ని మిషన్లకీ గార్డులు, నైఫ్‌లు తీయించాడు, పని లేటవుతోందని. ఏడాది తిరక్కుండానే అదే మిషన్ మీద మా బావమరిదికి రెండు వేళ్ళు పోయాయి. ముక్క ఎగిరింది, దాంతో పాటు చెయ్యి బ్లేడు మీదకి లాక్కుపోయింది. అప్పుడు ఓనరు ఏమన్నాడో తెలుసా? "గార్డు లేకుండా కోయమని ఎవడు చెప్పాడు?" ఉంటే మా తప్పు, లేకపోయినా మా తప్పు. రాసిచ్చిన కాగితంలో కూడా అదే, పనివాడి నిర్లక్ష్యం అని. ఒక్క పైసా రాలేదు.

అప్పటినుంచీ ఎవరైనా గార్డు గార్డు అంటుంటే నాకు ఆ కాగితమే కనపడుతుంది. చెక్కకి నీ అనుభవం తెలీదు అన్నావే, ఆయనా ఇంచుమించు అలాగే అన్నాడు.

ఆర్మేచర్:
మేస్త్రి గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ ఒకటి చెప్పండి. గార్డు తీయించినవాడు ఓనరు. ఆయన మీద కోపం గార్డు మీద చూపిస్తే ఎలా? ఈ కొత్తాయనకి ఓనరు ఎవరూ లేరు. మిషన్ ఆయనదే, వేళ్ళూ ఆయనవే.

పాతమేస్త్రి:
నేను చెప్పేదీ అదే. గార్డు బిగించి చేతులు దులుపుకోకండి అంటున్నాను. అది ఉంది కదా అని నేను చెయ్యి పెట్టాను.

లత_వర్క్‌షాప్:
మేస్త్రి గారు మొదట చెప్పింది అది కాదు లెండి. "ఆగాల్సిన పనేం లేదు" అన్నారు. అయినా ఒకటి నిజం, చెక్క పూర్తిగా తెగకుండా గాడి మాత్రమే తీసే కోతలప్పుడు పైన గార్డు తీయక తప్పదు. నైఫ్‌ని బ్లేడు కన్నా కొంచెం కిందికి దించుకుంటే అది ఉండగానే కోయొచ్చు. తీయాల్సింది ఎప్పుడు, తీయకూడనిది ఎప్పుడు అన్నది తెలిసినవాళ్ళు తక్కువ.

కొత్తపన్ను:
ఇంత జరుగుతుందనుకోలేదు. అందరికీ థాంక్స్. మిషన్ ప్లగ్గు పీకి పక్కన పెట్టాను. నిన్న అదే మోడల్‌ది వాడిన నైఫ్ ఒకటి దొరికింది. కొలిస్తే మందం 2.8 మి.మీ. ఉంది. నా బ్లేడు పళ్ళ వెడల్పు 2.6, బ్లేడు రేకు మందం 1.8. పెట్టి చూస్తే ముక్క సగం దాకా పోయి బిగుసుకుంటోంది. (మోటారు వేయలేదు, చేత్తో తోసి చూశాను.) నైఫ్‌ని ఆకురాయితో కొంచెం అరగదీస్తే?

పొట్టు:
రుద్దెయ్ బాబాయ్

పాతమేస్త్రి:
అరగదీయకు. రెండు వైపులా సమంగా రాదు, వంకరపోతే చెక్కని పక్కకి తోస్తుంది. నైఫ్ మందం బ్లేడు రేకు కన్నా ఎక్కువ ఉండాలి, పళ్ళ వెడల్పు కన్నా తక్కువ ఉండాలి. నీది పళ్ళ కన్నా మందం, అందుకే ఇరుక్కుంటోంది. బ్లేడు మార్చు. పళ్ళు 3.2, రేకు 2.2 ఉన్నది తీసుకో. నడిమి రంధ్రం నీ ఇరుసుకి సరిపోవాలి. బ్లేడు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం నీ మోటారు తిరిగే దానికన్నా ఎక్కువ ఉండాలి, తక్కువ ఉన్నది ఊరికే ఇచ్చినా వేయకు. బిగించాక బ్లేడుకీ నైఫ్‌కీ మధ్య సందు 3 నుంచి 8 మి.మీ. లోపు పెట్టు. ప్లగ్గు పీకే ఉంచి, బ్లేడుని చేత్తో నాలుగు చుట్లు తిప్పి ఎక్కడా రాసుకోలేదని చూసుకున్నాకే కరెంటు.

కొత్తపన్ను:
చాలా థాంక్స్ మేస్త్రి గారూ. ఇంత కచ్చితంగా చెప్తున్నారు, మీ మిషన్‌కి నైఫ్ ఉందా?

పాతమేస్త్రి:
నాది పాతది, నైఫ్ బిగించే చోటే లేదు. నైఫ్ లాగే గాడి మూసుకోకుండా చూసే, బల్లకి బిగించే స్ప్లిట్టర్ ఒకటి మా బావమరిది చేసిపెట్టాడు, ఆ ఎనిమిది వేళ్ళతోనే. నిలువు కోతకి అది పెడతాను.

ఆర్మేచర్:
అంటే ఇన్నాళ్ళూ వెనకాల అది పెట్టుకునే కోస్తున్నారా! మరి నాతో ఇంతసేపు ఎందుకు వాదించినట్టు?

పాతమేస్త్రి:
నువ్వు ఎత్తు గురించి వాదించావు. నేను రెండంగుళాలే లేపుతాను.