లంబార్ స్పైన్ ఎక్స్‌రే డిక్టేషన్: "స్మాల్ నోడ్స్", "పార్ట్స్ డిఫెక్ట్స్"... ఇవి ఏమై ఉంటాయి?

కొత్త_ఎంటీ
మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ (ఎంటీ, డాక్టర్ల డిక్టేషన్ విని రిపోర్టు టైపు చేసే పని)కి కొత్త. అమెరికా అకౌంట్, లంబార్ స్పైన్ (నడుము వెన్నెముక), ఏపీ (ముందు నుంచి), లేటరల్ (పక్క నుంచి) వ్యూలు. డాక్టర్ ఫోన్‌లో డిక్టేట్ చేశారు. స్పీడ్ ఎక్కువ, మాటల చివర్లు మింగేస్తున్నారు. నాకు వినబడింది వినబడినట్టు రాస్తున్నాను (ఎల్2, ఎల్3 లాంటివి నడుము వెన్నుపూసల నంబర్లు):

"స్మాల్ నోడ్స్ ఎట్ ది ఎండ్‌ప్లేట్స్ ఆఫ్ ఎల్2 అండ్ ఎల్3"
"గ్రేడ్ 1 స్పాండిలో...సిస్ ఆఫ్ ఎల్4 ఆన్ ఎల్5"
"బైలేటరల్ పార్ట్స్ డిఫెక్ట్స్ ఎట్ ఎల్5"
"ఫ్లీ బోలస్ ఇన్ ది పెల్విస్"

వీటిలో ఏవి నింపొచ్చు, ఏవి బ్లాంక్ వదలాలి? టీఏటీకి (రిపోర్టు తిరిగి ఇవ్వాల్సిన గడువు) ఇంకా టైముంది.

క్యూఏ_డెస్క్
మొదటిది ష్మోర్ల్ నోడ్స్. ఎండ్‌ప్లేట్ (వెన్నుపూస, డిస్క్ కలిసే చోటి పలక) దగ్గర "చిన్న నోడ్లు" అని ఏ రేడియాలజిస్టూ చెప్పరు. డిస్క్ లోపలి మెత్తని పదార్థం ఎండ్‌ప్లేట్‌ను తోసుకుని వెన్నుపూసలోకి దిగితే పడే గుంట అది. జర్మన్ పాథాలజిస్ట్ క్రిస్టియన్ గియోర్గ్ ష్మోర్ల్ పేరు మీద వచ్చింది కాబట్టి ఎస్ క్యాపిటల్. అపోస్ట్రఫీ ఎస్ పెట్టాలా వద్దా అన్నది క్లయింట్ ప్రొఫైల్ చూసి తేల్చుకోండి. ఏఎంఏ (అమెరికన్ మెడికల్ అసోసియేషన్) స్టైల్ వద్దంటుంది, వెర్బాటిమ్ (చెప్పింది చెప్పినట్టే రాయమనే) అకౌంట్లు కావాలంటాయి.

మూడోది పార్స్ డిఫెక్ట్స్. పార్స్ ఇంటర్‌ఆర్టిక్యులారిస్ అంటే వెన్నుపూస వెనకవైపు, పై, కింది ఫాసెట్ల (కీళ్ల) మధ్య ఉండే సన్నని ఎముక భాగం. దాన్ని పార్ట్స్ అని టైపు చేస్తే స్పెల్‌చెక్ కూడా పట్టుకోదు, అందుకే ఇది క్యూఏ (క్వాలిటీ చెక్) దాకా తరచూ వచ్చేస్తుంది.

నాలుగోది ఫ్లెబోలిత్స్. పెల్విస్ సిరల్లో ఏర్పడే గుండ్రని కాల్సిఫికేషన్లు. లంబార్ ఫిల్మ్ అడుగున పెల్విస్ కొంత పడుతుంది కాబట్టి ఈ రిపోర్టులో ఆ మాట ఉండటంలో వింత లేదు.

రెండోదానికే కాస్త ఆలోచించాలి. స్పాండిలోసిస్, స్పాండిలోలైసిస్, స్పాండిలోలిస్తెసిస్: మధ్యలో మింగేస్తే మూడూ ఒకేలా వినబడతాయి. పక్క మాటలే దారి. గ్రేడ్ చెప్పినా, "ఫలానాది ఫలానా దాని మీద" అన్నా అది జారడం, అంటే లిస్తెసిస్. గ్రేడ్ 1 అంటే 25 శాతం లోపు జారింది, గ్రేడ్ 2 అంటే 50 లోపు. పార్స్ మాట వెంటనే వచ్చి, జారడం ఊసు లేకపోతే లైసిస్, అంటే పార్స్ తెగడం. ఆస్టియోఫైట్స్ (ఎముక ములుకులు), డిస్క్ స్పేస్ నేరోయింగ్ (డిస్క్ ఖాళీ తగ్గడం) పక్కన వస్తే స్పాండిలోసిస్, అంటే అరుగుదల. మీది లిస్తెసిసే.

ఫిల్మ్_చూసేవాడు
పై జవాబుతో ఏకీభవిస్తాను, కానీ ఒక మెలిక ఉంది. ఎల్5 పార్స్ తెగితే సాధారణంగా జారేది ఎల్5, దాని కింద ఉండే ఎస్1 మీద. ఎల్4, ఎల్5 మీద జారడం ఎక్కువగా ఫాసెట్లు అరిగినప్పుడు వస్తుంది, దానికి పార్స్ తెగనక్కర్లేదు. ఒకే పేషెంటుకు రెండూ ఉండొచ్చు, కాదనను. అయినా రెండో వాక్యంలోని లెవెల్స్ మళ్లీ వినండి. ఇంప్రెషన్‌లో (రిపోర్టు చివర చెప్పే ముగింపు) డాక్టర్ అదే సంగతి నెమ్మదిగా చెబుతారు, ముందు అది విని వెనక్కి రండి.

పెడల్_మాస్టర్
ఆడియో గురించి. మామూలు ఫోన్ లైన్ దాదాపు 3,400 హెర్ట్జ్ పైన ఉన్న శబ్దాన్ని కోసేస్తుంది. ఎస్, ఎఫ్, టీహెచ్ శబ్దాల బలం చాలావరకు ఆ పైనే. అందుకే ఫ్లెబోలిత్ చివర మీకు "బోలస్"గా మారింది. వాల్యూమ్ పెంచినా పోయింది రాదు. స్పీడ్ 80 శాతం కంటే దించకండి, హల్లులు సాగిపోయి ఇంకా అయోమయం. ఆ ఒక్క మాటను తిప్పి తిప్పి వినొద్దు, చెవి మొదట విన్నదానికే అతుక్కుంటుంది. వాక్యం మొదటి నుంచి ప్లే చేయండి. మిగతా రిపోర్టు పూర్తి చేసి మళ్లీ వస్తే సగం బ్లాంకులు వాటంతటవే తీరతాయి.

గూగుల్‌లో విన్న మాటను వెతకొద్దు. "స్మాల్ నోడ్స్" కొడితే లింఫ్ నోడ్ల పేజీలే వస్తాయి. "ఎండ్‌ప్లేట్", "నోడ్స్", "లంబార్ రేడియోగ్రాఫ్" అని చుట్టుపక్కల మాటలు ఇవ్వండి.

కొత్త_ఎంటీ
థ్యాంక్సండీ. మళ్లీ విన్నాను. ఫైండింగ్స్‌లో (ఫిల్మ్‌లో కనిపించినవి చెప్పే భాగం) ఎల్4 ఆన్ ఎల్5 అనే స్పష్టంగా ఉంది. ఇంప్రెషన్‌లో మాత్రం "ఎల్5 ఆన్ ఎస్1, గ్రేడ్ 1, విత్ పార్స్ డిఫెక్ట్స్" అంటున్నారు. ఇంప్రెషన్ చూసి ఫైండింగ్స్ దిద్దేయొచ్చా?

క్యూఏ_డెస్క్
వద్దు. పార్స్ లెక్క ఇంప్రెషన్‌కే సరిపోతోంది, నిజమే. అయినా ఫిల్మ్ చూసింది డాక్టర్, మీరు కాదు. లెవెల్, కుడి ఎడమ, మిల్లీమీటరా సెంటీమీటరా, ఫ్రాక్చర్ ముందు "నో" ఉందా లేదా: వీటిలో ఏదీ మనం దిద్దకూడదు. సర్జన్ ఆ లెవెల్ చూసే ప్లాన్ వేసుకుంటాడు. రెండు చోట్లా చెప్పింది చెప్పినట్టే టైపు చేసి రిపోర్టుకు ఫ్లాగ్ (డాక్టర్ సరిచూడాలనే గుర్తు) పెట్టండి. "ప్లీజ్ చెక్" అని వదిలేస్తే ఎవరికీ పనికిరాదు. టైమ్ స్టాంపు రెండు చోట్లవీ ఇచ్చి, "ఫైండింగ్స్‌లో ఎల్4 ఆన్ ఎల్5, ఇంప్రెషన్‌లో ఎల్5 ఆన్ ఎస్1, పార్స్ డిఫెక్ట్స్ ఎల్5 వద్ద, దయచేసి నిర్ధారించండి" అని నోట్‌లో ఇంగ్లిష్‌లో రాయండి. పార్స్, ష్మోర్ల్, ఫ్లెబోలిత్స్ మాత్రం బ్లాంక్ లేకుండా నింపేయండి, వాటికి ఫ్లాగ్ అక్కర్లేదు.