అప్‌డేట్: ట్రేడింగ్ గ్రూపులో డబ్బులు పెట్టిన మా బావ గురించి

పోయిన నెల అడిగాను కదా, మిర్యాలగూడలో ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే మా బావ టెలిగ్రామ్‌లో ఒక ట్రేడింగ్ గ్రూపును నమ్మి డబ్బులు పెడుతున్నాడు, ఎంత చెప్పినా వినట్లేదు, ఏం చేయాలని. వాదించొద్దు, డబ్బు వెనక్కి తీసి చూపించమనండి అన్నారు చాలామంది. అదే చేశాను.

"బావా, నీ మాటే నిజం కావచ్చు, ఒక్కసారి యాభై వేలు తీసి చూపించు" అన్నా. మొదట్లో పెట్టిన రెండు వేలు లాభంతో సహా వెంటనే వచ్చాయట, ఆ ధైర్యంతోనే నాలుగు లక్షల దాకా పోయాడు. ఇప్పుడు తీయబోతే ముందు ఇరవై శాతం ట్యాక్స్ కట్టమన్నారు. లాభంలోంచి పట్టుకోవచ్చు కదా, మళ్లీ జేబులోంచి ఎందుకని అక్కడ ఆగాడు.

ఆ రాత్రే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. చివర్లో పంపిన అరవై వేలు బ్యాంకులో ఆపగలిగారు, మిగతాది అప్పటికే ఖాతాలు మారిపోయింది.

బావకు తెలివి లేక కాదు. నేను అడిగిన ప్రతి అనుమానానికీ ఆయన దగ్గర ఒక లెక్క ఉండేది, ఆ తెలివే నమ్మకానికి కాపలా కాసింది. 1954 డిసెంబర్ 21న వరదొస్తుందని నమ్మిన ఒక అమెరికా బృందాన్ని లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త గమనించాడు. వరద రాలేదు, అయినా ఉద్యోగాలు వదులుకున్నవాళ్లలో కొందరు ఇంకా గట్టిగా నమ్మారని ఆయన రాశాడు. పోగొట్టుకున్నది ఎక్కువైనకొద్దీ తప్పని ఒప్పుకోవడం అంత కష్టం.

నిన్న ఎవరో ఫోన్ చేసి, ఫీజు కడితే పోయిన డబ్బు ఇప్పిస్తామన్నారు. ఈసారి బావ ముందు నాకే ఫోన్ చేశాడు.