అంబాజీపేటలో కొత్త బ్యాంకు వచ్చింది, అమ్మ పేరు మీద అకౌంటు తెరవమంటారా?

కొబ్బరి రైతు, అంబాజీపేట దగ్గర:

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఎకరం ముప్పావు కొబ్బరి తోట, కాలవ కింద ఎకరం వరి చేను ఉన్నాయి. రెండు నెలల క్రితం మెయిన్ రోడ్డు మీద, ఎరువుల కొట్టు మేడ మీద ఒక కొత్త బ్యాంకు బ్రాంచి తెరిచారు. వాళ్ల మంచీచెడూ నాకింకా తెలీదు కాబట్టి పేరు రాయడం లేదు. ఆ బ్యాంకు కుర్రాడు మొన్న దింపు రోజున నేరుగా తోటలోకే వచ్చేశాడు. నేను కాయలు లెక్కపెడుతుంటే అయ్యేదాకా పక్కన నిలబడి, తర్వాత "బాబాయ్ గారూ, ఒక్క అయిదు నిమిషాలండి" అని ట్యాబ్ తీశాడు. మర్యాదస్తుడే.

అతను చెప్పింది ఇదీ. జీరో బ్యాలెన్స్ అకౌంటు. సేవింగ్స్‌లో లక్ష దాటిన డబ్బుకి 7 శాతం వడ్డీ. అమ్మ సీనియర్ సిటిజన్ కాబట్టి ఏడాది ఎఫ్‌డీకి 8 శాతం. బ్రాంచికి రానక్కర్లేదు, ఇంటికే వచ్చి తెరిచేస్తాడట.

మా సంగతి చెప్పాలి. నాన్నగారు పోయాక అమ్మ పేరు మీదున్న ఆరు సెంట్ల స్థలం అమ్మేశాం. 9 లక్షలు వచ్చాయి. అదంతా మూడు నెలలుగా పాత గవర్నమెంటు బ్యాంకులో సేవింగ్స్‌లోనే పడి ఉంది. పంట రుణం, అమ్మ డ్వాక్రా సంఘం ఖాతా కూడా ఆ బ్యాంకులోనే. ఈ 9 లక్షలూ కొత్త బ్యాంకులో వేసేస్తే వడ్డీ బాగా కలిసొస్తుంది. కానీ అమ్మ "కొత్తోళ్ల దగ్గరేమిట్రా, రేపు బోర్డు తిప్పేస్తేనో" అంటుంది. ఆవిడ భయం నేను తీసెయ్యలేకపోతున్నాను. అది నాన్నగారి స్థలం డబ్బు.

ఇంకో ఇబ్బంది ఏంటంటే, అమ్మ ముప్పై ఏళ్లు కొబ్బరి పీచు పని చేసింది. రేషన్ మిషన్ మీదే వేలిముద్ర పడదు. అలాంటివాళ్లకి అకౌంటు తెరుస్తారా?

కొత్త బ్యాంకులో అకౌంటు తెరిచినవాళ్లు ఉంటే మీకేం జరిగిందో జరిగినట్టు చెప్పండి. వాళ్ల కాగితంలో ఉన్నదంతా నేను చదివాను, మీ అనుభవం కావాలి.


లేసు పని, పాలకొల్లు వైపు:

అన్నయ్యగారూ, నేను ఆ దారిలో వెళ్లి వచ్చినదాన్ని. కొంచెం పెద్దదవుతుంది, చదవండి.

మా వీధిలో పన్నెండు మంది ఆడవాళ్లం నరసాపురం ఆర్డర్లకి లేసు అల్లుతాం. 2025 ఏప్రిల్లో ఒక కొత్త బ్యాంకు వాళ్లు మా ఇంటి వసారాలోకే వచ్చి, ఒక్క మధ్యాహ్నంలో అందరికీ అకౌంట్లు తెరిచేశారు. నా పేరు, ఆధార్, ఓటీపీ, ఫోటో అన్నీ పదిహేను నిమిషాల్లో అయిపోయాయి. వేలిముద్ర దగ్గరే ఆగింది. సూది నిలబెట్టే చూపుడు వేలి మీద, దారం పట్టే బొటనవేలి మీద గీతలు అరిగిపోయి ఉంటాయండి మాకు. నాలుగుసార్లు పెట్టినా ఎర్ర లైటే. తడి గుడ్డతో తుడిచి, ఒక చుక్క కొబ్బరి నూనె రాసి, మళ్లీ పైట కొంగుతో పొడిగా తుడిచాక ఉంగరపు వేలు పడింది. మీ అమ్మగారికి కూడా పది వేళ్లూ చూడమనండి, సాధారణంగా ఒకటి రెండు వేళ్లు చూసి వదిలేస్తారు.

ఆ హడావిడిలో ట్యాబ్‌లో ఒక్కో పేజీ వస్తుంటే ఆ బ్యాంకు అబ్బాయే "ఓకే, ఓకే" అని టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. నేను చూస్తూనే ఉన్నాను, అడగలేదు. అందులో ఒక టిక్కు, ప్రభుత్వం నుంచి వచ్చే డబ్బులు ఈ అకౌంటులోనే పడాలని ఒప్పుకుంటున్నట్టు. దాన్నే మనవాళ్లు ఎన్‌పీసీఐ లింక్ అంటారు. ఆధార్ నంబరుకి ఎన్ని బ్యాంకుల్లో అకౌంట్లున్నా, ఆ లింక్ మాత్రం ఒక్క బ్యాంకుకే ఉంటుందండి. చివర్న ఎవరు లింక్ చేస్తే వాళ్లకే వెళ్తుంది. పాత బ్యాంకు వాళ్లు ఆధార్ తీసుకున్నారు కదా అనుకుంటే కుదరదు.

జూన్‌లో తల్లికి వందనం, అదే పిల్లల చదువుకని ప్రభుత్వం తల్లులకి వేసే డబ్బు, వచ్చింది. మా ఇద్దరు పిల్లలకి 13 వేల చొప్పున 26 వేలు రావాలి. పుస్తకాలకి, పెద్దదాని సైకిలుకి అని లెక్క వేసుకుని కూర్చున్నాను. 12వ తారీకు నుంచి వీధిలో అందరి ఫోన్లూ మోగుతున్నాయి, నాకు మెసేజ్ లేదు. పాత బ్యాంకుకి వెళ్లి పాస్‌బుక్ ప్రింట్ చేయించాను. ఏమీ పడలేదు. నా పేరు తీసేశారనుకుని ఆ రాత్రి నిద్ర పట్టలేదండి. మర్నాడు సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ గారు కంప్యూటర్‌లో చూసి "అమ్మా, డబ్బు పడిపోయింది. మీది ఫలానా బ్యాంకు కదా?" అని ఆ కొత్త బ్యాంకు పేరు చెప్పారు. ఎక్కడ పోయిందో తెలిసింది గానీ ఎలా తీసుకోవాలో తెలీలేదు. మెసేజ్‌లు వెళ్లే నంబరు కువైట్‌లో ఉన్న మా ఆయనది, ఆ సిమ్‌కి రీచార్జి లేదు. ఏటీఎం కార్డు నా ఆధార్‌లో ఉన్న అడ్రసుకి, అంటే రాజోలు వైపు మా పుట్టింటికి పోస్టులో వెళ్లి, తీసుకునేవాళ్లు లేక వెనక్కి పోయింది. పాస్‌బుక్ ఇవ్వలేదు. బ్రాంచి ఏమో భీమవరంలో.

రెండుసార్లు బస్సెక్కి వెళ్లాను. రెండోసారి కౌంటర్లో ఉన్న అమ్మాయి నా చేతిలో సంచీ చూసి "లేసు పనా అక్కా?" అని కుర్చీ వేసింది. వాళ్ల అమ్మమ్మ కూడా అల్లేదని చెప్పి, నంబరు మార్పు, కార్డు, విత్‌డ్రాయల్ ఫారం అన్నీ తనే రాయించి పెట్టింది. డబ్బులో ఒక్క రూపాయి పోలేదు. కానీ బడి తెరిచిన పదిహేను రోజులకి చేతికొచ్చింది. సైకిలు అప్పటికి అప్పు చేసి కొన్నాను.

తర్వాత పాత బ్యాంకుకి వెళ్లి ఆధార్ సీడింగ్ ఫారం ఇచ్చి లింక్ వెనక్కి మార్పించుకున్నాను. వారం పట్టింది. మై ఆధార్ సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, ఆధార్ ఓటీపీతో లోపలికి వెళ్తే ఇప్పుడు ఏ బ్యాంకు లింక్‌లో ఉందో చూపిస్తుంది. మీరు అకౌంటు తెరవక ముందొకసారి, తెరిచిన పది రోజులకొకసారి చూసుకోండి. మీ పీఎం కిసాన్ 2 వేలు, సార్వా ధాన్యం డబ్బులు అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. చెక్ చెయ్యకుండా వదిలేస్తే మీరూ మిల్లు చుట్టూ, సచివాలయం చుట్టూ తిరగాలి.

కొత్త బ్యాంకు అకౌంటు మాత్రం నేను మూసెయ్యలేదు. నెలకి వెయ్యి ఆర్‌డీ కడుతున్నాను, వడ్డీ చెప్పినట్టే వేస్తున్నారు. ఒక్కటే, కార్డుకి ఏడాదికి 236 పట్టుకున్నారు. 200, దాని మీద జీఎస్టీ 36. జీరో బ్యాలెన్స్ అంటే ఛార్జీలు కూడా జీరో అనుకున్నాను నేను. ఛార్జీల కాగితం విడిగా అడిగి తీసుకోండి అన్నయ్యగారూ, ఇస్తారు.


రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, రామచంద్రపురం:

బాబూ, మీ అమ్మగారి భయాన్ని చిన్నది చెయ్యొద్దు. నేను ఆంధ్రా బ్యాంకులో 31 ఏళ్లు కౌంటర్లో కూర్చున్నాను. పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన బ్యాంకు అది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. బోర్డు మారి ఇన్నేళ్లైనా మా ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ "ఆంధ్రా బ్యాంకుకి వెళ్లొస్తా" అనే అంటారు. పేరు మీద జనానికి అంత నమ్మకం ఉంటుంది. కొత్తవాళ్లు ఆ నమ్మకం సంపాదించుకోవాలి, అందుకు టైమ్ పడుతుంది.

కానీ మీ 9 లక్షల సంగతి నమ్మకం మీద కాకుండా లెక్క మీద తేల్చుకోవాలి. బ్యాంకు మునిగితే ఒక మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షల వరకు డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది. అంతకు ముందు లక్షే ఉండేది, 2020 ఫిబ్రవరిలో పెంచారు. అసలు, వడ్డీ రెండూ కలిపి 5 లక్షలు. అదే బ్యాంకు అమలాపురం బ్రాంచిలో సగం, అంబాజీపేట బ్రాంచిలో సగం వేస్తే రెండూ కలిపే లెక్కేస్తారు. కాబట్టి కొత్త బ్యాంకులో 4 లక్షల 60 వేలు ఎఫ్‌డీ వెయ్యండి. 8 శాతం చొప్పున ఏడాది వడ్డీ కలిసినా 5 లోపే ఉంటుంది. మిగతా 4 లక్షల 40 వేలు పాత బ్యాంకులోనే ఎఫ్‌డీ చెయ్యండి, సేవింగ్స్‌లో ఉంచకండి. అమ్మగారి డబ్బు రెండు చోట్లా ఇన్సూరెన్స్ లోపలే ఉంటుంది.

వెయ్యబోయే ముందు అది నిజంగా బ్యాంకో కాదో చూడండి. రిజర్వ్ బ్యాంకు సైటులో లైసెన్సున్న బ్యాంకుల జాబితా ఉంటుంది. కొన్ని సొసైటీలు బోర్డు మీద బ్యాంకు అని రాసుకుంటాయి, వాటిలో వేసినదానికి ఈ ఇన్సూరెన్స్ లేదు. 2021 నవంబరులో రిజర్వ్ బ్యాంకే ఈ విషయం హెచ్చరించింది. చిన్న ఫైనాన్స్ బ్యాంకు అయితే ఇన్సూరెన్స్ ఉంటుంది, ఇబ్బంది లేదు. పేమెంట్స్ బ్యాంకు అయితే దినాంతానికి 2 లక్షలకి మించి ఉంచుకోనివ్వరు, మీ పనికి రాదు.

వేలిముద్ర సంగతి. అరిగిన వేళ్లని కారణం చూపి అకౌంటు లేదనకూడదు. వయసు వల్ల, జబ్బు వల్ల వేలిముద్ర పడనివాళ్లకి ఆధార్‌ని ఆఫ్‌లైన్‌లో సరిచూసుకుని, లేదా గుర్తింపు కాగితం కాపీని ఒరిజినల్‌తో పోల్చి సంతకం చేసుకుని తెరవాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. అది తోటలో ట్యాబ్ మీద జరిగే పని కాదు. అమ్మగారిని ఒక్కసారి ఆటోలో బ్రాంచికి తీసుకెళ్లండి, మేనేజరుతో మాట్లాడండి. పాత ఖాతా మాత్రం మూయకండి. పంట రుణం, డ్వాక్రా రెండూ అక్కడున్నాయి కదా.

నామినీ రాయకుండా ఇంటికి రావద్దు. 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా రాయొచ్చు, ఎవరికెంత శాతమో కూడా. నామినీ లేక, చనిపోయినవాళ్ల డబ్బు కోసం కోర్టు కాగితాలు పట్టుకుని తిరిగినవాళ్లు నా కౌంటర్ ముందు ఎంతమంది నిలబడ్డారో. ఆ ముఖాలు మర్చిపోలేను.


రొయ్యల చెరువు, ఆకివీడు:

పెద్దాయన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. నేను ఫోన్‌లోనే ఓటీపీతో అకౌంటు తెరిచాను, పది నిమిషాలు పట్టింది. రొయ్యలు పట్టిన రోజు ట్రేడరు 2 లక్షల 40 వేలు వేస్తే తిరిగి వెళ్లిపోయింది. టెన్షన్‌తో ఫోన్ చేస్తే అప్పుడు చెప్పారు. ఓటీపీతో మాత్రమే తెరిచిన అకౌంటులో లక్షకి మించి నిల్వ ఉండకూడదట, ఏడాదిలో మొత్తం 2 లక్షలకి మించి జమ కాకూడదట. ఏడాదిలోపు పూర్తి కేవైసీ, అంటే గుర్తింపు కాగితాల తనిఖీ, చెయ్యకపోతే అకౌంటే ఉండదు. ముందే చెప్పుంటే బావుండేది.

తర్వాత వీడియో కేవైసీ చేశాను. చెరువు గట్టు మీద మొదలుపెడితే ఏరియేటర్ల చప్పుడుకి అవతలి మేడమ్‌కి నా మాట వినబడలేదు, కాల్ కట్ చేశారు. మర్నాడు ఇంట్లో కూర్చుని, లొకేషన్ ఆన్ చేసి, ఒరిజినల్ పాన్ కార్డు కెమెరాకి చూపించి, తెల్ల కాగితం మీద సంతకం పెడితే అయిపోయింది. అప్పటినుంచి ఏ ఇబ్బందీ లేదు. మీ అమ్మగారికి వీడియో వద్దు, బ్రాంచికే వెళ్లండి.


కొబ్బరి రైతు, అంబాజీపేట దగ్గర:

అందరికీ పేరుపేరునా దండాలండి. పాలకొల్లు చెల్లెమ్మ రాసింది అమ్మకి చదివి వినిపించాను. వేలికి నూనె రాసి తుడిచిన చోట ఆవిడ తన చేతులు చూసుకుంది. "ఆ పిల్లకి డబ్బు చేతికొచ్చిందా?" అని రెండుసార్లు అడిగింది.

రిజర్వ్ బ్యాంకు జాబితాలో పేరు చూశాను, ఉంది. చిన్న ఫైనాన్స్ బ్యాంకే. నిన్న అమ్మని బ్రాంచికి తీసుకెళ్లాను. మెట్లెక్కలేకపోతే ఆ కుర్రాడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. పది వేళ్లలో ఒక్కటీ పడలేదు. పెద్దాయన రాసినట్టు నిబంధన ఉందటగా అని మేనేజరు గారికి చెప్పాను. ఆయన కాసేపు ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి, ఆధార్, పాన్ ఒరిజినల్స్ చూసి, కాపీల మీద తనే సంతకం పెట్టారు. గవర్నమెంటు డబ్బుల టిక్కు వద్దని ముందే చెప్పాను, ఫారంలో ఆ గడి కొట్టేసి అమ్మ చేత పక్కన సంతకం పెట్టించారు. అమ్మకి సంతకం వచ్చు, మూడో క్లాసు దాకా చదువుకుంది.

నామినీ దగ్గర ఆగిందండి. నాకు, చెల్లికి సగం సగం రాయమంది అమ్మ. వాళ్ల దగ్గరున్న పాత ఫారంలో ఒక్క పేరుకే చోటుంది. కొత్త ఫారం తెప్పిస్తామన్నారు. అది వచ్చేదాకా ఎఫ్‌డీ వెయ్యనంది అమ్మ, చెక్కు ఇంటికి తెచ్చేశాం. సోమవారం మళ్లీ వెళ్తాం, అయ్యాక ఇక్కడే రాస్తాను.