మేనేజరే నిర్మాత అయితే కమెడియన్ వైపు నిలబడేదెవరు?

మ్యాట్నీ షో:
హాలీవుడ్ కమెడియన్ల మేనేజర్ బెర్నీ బ్రిల్‌స్టీన్ పేరు ఇక్కడ ఎంతమందికి తెలుసో గానీ, 'ఘోస్ట్‌బస్టర్స్' సినిమా చూడనివాళ్లు తక్కువే. 1955లో న్యూయార్క్‌లోని విలియం మోరిస్ ఏజెన్సీలో ఉత్తరాలు పంచే పనికి చేరి, 1969లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. మప్పెట్ బొమ్మల జిమ్ హెన్సన్, 'సాటర్‌డే నైట్ లైవ్' అనే టీవీ కామెడీ షో మొదలుపెట్టిన లార్న్ మైకేల్స్, అందులో నటించిన కమెడియన్లు జాన్ బెలూషి, డాన్ ఆక్రాయిడ్, గిల్డా రాడ్నర్ అందరూ ఆయన క్లయింట్లే. మళ్లీ 'బ్లూస్ బ్రదర్స్' (1980), 'ఘోస్ట్‌బస్టర్స్' (1984) రెండింటికీ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ కూడా ఆయనే. నటుడికి ఎక్కువ ఇప్పించాల్సిన మనిషి వెళ్లి నిర్మాత కుర్చీలో కూర్చోవచ్చా? నన్నడిగితే కూడదు.

నేల టికెట్:
మన దగ్గర మేనేజర్ అంటే డేట్లు, రెమ్యునరేషన్ చూసుకునే మనిషి. అదే లెక్కన బ్రిల్‌స్టీన్‌ని చూస్తే ఎలాగండీ? ఆ సినిమాలకు డబ్బు పెట్టింది యూనివర్సల్, కొలంబియా. బెలూషికి పది రూపాయలు తగ్గిస్తే మిగిలేది స్టూడియోకి, ఈయనకి కాదు. రాసేవాడు, నటించేవాడు తన మనుషులే కాబట్టి వాళ్లందరినీ కలిపి ఒక ప్యాకేజీగా స్టూడియో ముందు పెట్టాడు. విడివిడిగా వెళ్లుంటే వాళ్లకి అంత బలం ఉండేది కాదు.

లా పాయింట్:
చట్టం సంగతి కూడా చూడండి. ఏజెంట్లు నిర్మాతలు కాకూడదని అప్పట్లో అక్కడి నటుల యూనియన్ రూలు. యూనియన్‌కి రోనాల్డ్ రీగన్ అధ్యక్షుడిగా ఉండగా, 1952లో, ఆ యూనియనే ఎంసీఏ అనే పెద్ద ఏజెన్సీకి మినహాయింపు ఇచ్చింది. 1962లో అమెరికా న్యాయశాఖ రంగంలోకి దిగి ఏదో ఒకటే చేసుకోమంటే, ఎంసీఏ ఏజెన్సీని వదిలేసి నిర్మాణాన్ని ఉంచుకుంది. డబ్బు ఎటుందో వాళ్లకి తెలుసు మరి! ఇక మేనేజర్ల విషయం. కాలిఫోర్నియాలో ఏజెంటుకి లైసెన్సు ఉండాలి, మేనేజర్‌కి అక్కర్లేదు. లైసెన్సు లేనివాడు క్లయింటుకి పని వెతికి పెట్టకూడదు, కానీ నిర్మాత కావడానికి అడ్డేమీ లేదు. బ్రిల్‌స్టీన్ దూరింది ఆ సందులోంచే.

మ్యాట్నీ షో:
ఆ సందులోంచే కదా కమెడియన్ గ్యారీ షాండ్లింగ్ గొడవ పుట్టింది! బ్రిల్‌స్టీన్ భాగస్వామి బ్రాడ్ గ్రే షాండ్లింగ్‌కి మేనేజరు, అతని టీవీ కామెడీ 'లారీ శాండర్స్ షో'కి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసరు. 1998లో షాండ్లింగ్ గ్రే మీద 10 కోట్ల డాలర్లకు దావా వేశాడు. తన దగ్గర కమీషన్‌తో పాటు షోలో వాటా కూడా తీసుకున్నాడనీ, తన షో రచయితల్ని వేరే షోలకు మళ్లించాడనీ ఆరోపణ. కంచే చేను మేయడం అంటే ఇదే.

నేల టికెట్:
ఆరోపణ అని మీరే అన్నారు. గ్రే ఎదురు దావా వేశాడు, 1999లో ఇద్దరూ రాజీ పడ్డారు. కోర్టు తీర్పు అంటూ ఏదీ లేదు. పైగా రచయిత ఎదిగి సొంత షో పెట్టుకుంటానంటే వద్దనడానికి షాండ్లింగ్ ఎవరండీ?

ఫ్రీమాంట్ బాబాయ్:
మీరిద్దరూ ఫీజు దగ్గరే ఆగిపోయారు. నిర్మాతగా ఫీజు వస్తే ఆ ప్రాజెక్టు మీద కమీషన్ వదులుకోవడం అక్కడ చాలామంది మేనేజర్లు పాటించే పద్ధతే. అసలు సంగతి హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయన్నది. జిమ్ హెన్సన్ దాదాపు 30 ఏళ్లు, 1990లో చనిపోయేదాకా, బ్రిల్‌స్టీన్‌తోనే ఉన్నాడు. కానీ మప్పెట్లు హెన్సన్ సొంతం. మేనేజర్ ఎన్ని కుర్చీల్లో కూర్చుంటే ఏం, ఆస్తి కాగితాలు క్లయింటు దగ్గరుంటే చాలు.

లా పాయింట్:
బాబాయ్ గారూ, అది హెన్సన్ కాబట్టి కుదిరింది. కొత్తగా వచ్చిన స్టాండప్ కుర్రాడు హక్కులు నావేనంటే ఎవరు వింటారు? వాడి తరఫున ఆ మాట అనాల్సిన మేనేజరే వాటాదారైతే?

మ్యాట్నీ షో:
డబ్బు పక్కన పెట్టండి. 'బ్లూస్ బ్రదర్స్' షూటింగ్ నాటికే బెలూషి డ్రగ్స్‌లో మునిగి ఉన్నాడు, బడ్జెట్ చెయ్యి దాటిపోయింది. షూటింగ్ ఆపి అతన్ని ఆసుపత్రికి పంపమనాల్సినవాడు మేనేజరు. ఆగకూడదని కోరుకునేవాడు నిర్మాత. ఇద్దరూ ఒక్క మనిషే అయితే? 1982 మార్చిలో, 33 ఏళ్లకే, బెలూషి పోయాడు. ఆక్రాయిడ్ అతన్ని మనసులో పెట్టుకుని రాస్తున్న 'ఘోస్ట్‌బస్టర్స్' పాత్ర బిల్ మర్రేకి వెళ్లింది.

నేల టికెట్:
బెలూషి చావుని కాంట్రాక్టు మీదకి తోయకండి. సెట్‌లో రోజూ ఉండే నిర్మాత వేరే ఉన్నాడు. మేనేజర్ చెబితే బెలూషి వినేవాడని ఎవరనగలరు?

మ్యాట్నీ షో:
వినకపోవచ్చు. చెప్పడానికి ఆ సినిమాతో లాభనష్టాలు లేని మనిషి ఒకడు ఉండాలి కదా అంటున్నాను.

నేల టికెట్:
అలాంటి మనిషి ఎక్కడున్నాడండీ? ఒట్టి కమీషన్ మీద బతికే మేనేజర్‌కి కూడా షూటింగ్ ఆగిన రోజు నష్టమే.